ముందు పైరు పుణ్యం వెనక పైరుకు

ఈ శీర్షికలో మూడు నెలలకొకసారి నేను మీ ముందుకు తెచ్చేవి పొదుపు, పన్ను, వీలునామా వంటి జమాఖర్చుల ముచ్చట్లు. ఈసారి సేద్యం గురించి రాస్తున్నానంటే ‘బ్యాంకాయనకు మడక సంగతి ఏం తెలుసు?’ అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. నేను చదివింది బి.కాం., పట్టింది కలం. అయినా ఇదీ ఒక జమాఖర్చుల ముచ్చటే. పైగా సొంతూళ్ళో నాలుగెకరాలు వదిలివచ్చి, పరాయి ఊళ్ళలో కాపురాలు చేస్తున్న మనందరికీ సంబంధించిన మాట ఒకటి ఆఖరున ఉంది. అక్కడిదాకా ఓపిక పట్టమని మనవి.

మాది పావగడ తాలూకా. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నామన్న మాటే గానీ, పటంలో చూస్తే మాకు మూడు వైపులా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. మా ఊరు నాగలమడక చుట్టుపక్కలది. ఆ పేరులోనే మడక ఉంది చూడండి! అలాంటి చోట మా అన్న కొడుకు మడక వద్దన్నాడు. గొడవ అక్కడే మొదలైంది.

2021 ఉగాదికి ఊరికి వెళ్ళాను. ఓళిగలు తిని అరుగు మీద కూర్చోగానే అన్న అందుకున్నాడు.

“ఒరే, చదువుకున్నోడివి, నువ్వన్నా చెప్పు వీడికి. దున్నకుండా విత్తనమేస్తాడంట! పైగా మండు వేసవిలో, వాన రాకముందే, చేనంతా ఉలవలూ అలసందలూ చల్లుతాడంట. అవి తినడానికి కాదంట, కోసి నేల మీదే పరిచేదానికంట!”

మావాడు తలొంచుకుని నవ్వుతున్నాడు. “చిన్నాయనా, అనంతపురం పక్క చానామంది చేస్తావుండారు. నేను పోయి చూసొచ్చినా. నాకు రెండెకరాలిస్తే చాలు” అన్నాడు.

వాడు చూసి వచ్చింది ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం. అందులో ఒక పద్ధతి, వానాకాలానికి ముందే నవధాన్యాలు విత్తడం. పేరుకు నవధాన్యాలే గానీ పది పదిహేను రకాలు కూడా కలుపుతారు. విత్తనాలకు మట్టి, పేడ పట్టించి ఆరబెట్టి, ఏప్రిల్, మే నెలల్లో పొడినేలలోనే వేస్తారు. రెండు చినుకులు పడితే మొలుస్తాయి. అసలు పంటకు ముందు వాటిని కోసి పశువులకు వేయడమో, నేల మీద పరచడమో చేస్తారు. ఏడాది పొడుగునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండాలన్నది వారి సూత్రం. ఈ ఉద్యమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. మరో ఇద్దరితో పంచుకున్న బహుమతి అది. 2021లో మా అరుగు మీద మాత్రం దానికి అంత మర్యాద లేదు. “దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం అన్నారు పెద్దలు. వీడికి దుక్కీ లేదు, బుద్ధీ లేదు” అని అన్న తేల్చేశాడు.

అయినా కొడుకు మీద ప్రేమ కొద్దీ రెండెకరాలు ఇచ్చాడు. అందులో ఒక ఎకరం శెనక్కాయ, ఒక ఎకరం రాగి.

ఇక్కడ మా నేల సంగతి కొంచెం చెప్పాలి. మావి ఎర్రనేలలు. పొరుగునున్న అనంతపురానికి ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మా సంగతీ అంతే. అదీ నాలుగైదు గట్టి వానలుగా కురిసి పోతుంది. మాకు ఇంటి దేవుడెంతో శెనక్కాయ అంత. కానీ ఆ పంటలో ఒక చిక్కుంది. జొన్న కోస్తే మొదళ్ళు, వేళ్ళు నేలలో మిగులుతాయి. శెనక్కాయను వేళ్ళతో సహా పీకేస్తాం. కాయ ఇంటికి, కట్టె పశువులకు. నేలకు మిగిలేది రాలిన నాలుగాకులే. ఆ తర్వాత ఆరేడు నెలలు చేను బట్టతలలా ఎండలో పడి ఉంటుంది. మళ్ళీ తొలకరికి ముందు ట్రాక్టరుతో రెండుసార్లు తిరగేస్తాం. ఆషాఢపు గాలికి పైమట్టి లేచిపోతుంది. మొదటి గట్టి వానకు మిగిలింది వంకలోకి పోతుంది. వాన వెలిశాక ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. శెనక్కాయ ఊడలు నేలలోకి దిగాలంటే ఆ పెచ్చును గుచ్చుకుని దిగాలి.

ఇది మా ఒక్కరి కథ కాదు. 1930లలో అమెరికా మైదానాలలో గడ్డినేలలను దున్ని వదిలేస్తే, కరువు కాలంలో ఆ మట్టి తుపానులై లేచింది. 1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ అనే ఆయన, నాగలి వాడకమే పొరపాటని ఏకంగా ఒక పుస్తకం రాశాడు. జపానులో మసనోబు ఫుకువోకా దున్నకుండానే వరి పండించి, 1988లో మెగసెసె బహుమతి అందుకున్నాడు. బ్రెజిల్ దక్షిణ భాగంలో 1972 నుంచి రైతులు ఒక్కొక్కరే దుక్కి మానుకున్నారు. అంతదూరం ఎందుకు? మన కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు ముందు, తడి ఆరకముందే, నిలబడ్డ పైరులోనే మినుములు, పెసలు చల్లడం పాత అలవాటు. దాన్ని ఎవరూ వింత అనుకోలేదు. మాగాణిలో మామూలైనది మా మెట్టలో పిచ్చితనమైంది, అంతే!

సరే, మొదటి ఏడు ఏమైంది? చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. మావాడు ఓడిపోయాడు.

విత్తనం చౌకగా దొరికిందని నవధాన్యాలలో సగానికి పైగా జొన్న, సజ్జ కలిపాడు. అవి ఏపుగా లేచాయి. “ఎన్ను వచ్చే పైరును కోస్తావా, మేతకన్నా ఉండనీ” అని అన్న అడ్డుపడ్డాడు. నలభై, యాభై రోజులకు కోయవలసినది జూలై మధ్యదాకా చేలోనే నిలిచింది. తీరా కోసి శెనక్కాయ వేద్దామంటే, పక్క చేలల్లో పదును ఉంది, మా చేలో లేదు. ఆ నీళ్ళు అప్పటికే జొన్న తాగేసింది. మరో వాన కోసం కాచుకుని ఆలస్యంగా వేసిన శెనక్కాయ, పీకే వేళకు నవంబరు వానల్లో చిక్కింది. ఆ ఏడు నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. పక్కవారికి ఎకరాకు ఎనిమిది మూటలు, మావాడికి నాలుగు, అవీ బూజు పట్టినవి. రాగి ఎకరం ఇంకా దిగులు పుట్టించింది. పైరు పసుపు నీళ్ళతో కడిగినట్టు పాలిపోయింది. ఊళ్ళో కొందరు చేను చూడడానికి వచ్చి నవ్వి వెళ్ళారు. అన్న ఏమీ అనలేదు. మరుసటి వారం ట్రాక్టరు పిలిపించి ఆ రెండెకరాలూ దున్నించేశాడు.

ఆ పచ్చదనం ఎందుకు పోయిందో నాకు తర్వాత ఒక వ్యవసాయాధికారి చెప్పాడు. నా బి.కాం. బుర్రకు అర్థమైనట్టు రాస్తాను.

నేలలోని సూక్ష్మజీవులకు గడ్డీగాదం తిండి. దాన్ని అరిగించుకోవాలంటే వాటికి నత్రజని కావాలి. సుమారు పాతిక పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే లెక్క సరిపోతుంది. పచ్చి ఉలవలోను, అలసందలోను కర్బనం ఇరవై పాళ్ళకు లోపే. అంటే నత్రజని మిగులు. ఆ మిగులు వెనక పైరుకు జమ. ముదిరిన జొన్నదంటులో కర్బనం అరవై పాళ్ళు దాటుతుంది. ఆ లోటును సూక్ష్మజీవులు నేలలోంచి అప్పు తెచ్చుకుని పూడ్చుకుంటాయి. అప్పు తీరుస్తాయి, కానీ నెలల తర్వాత. ఈలోగా రాగి పస్తుంటుంది. మా రాగి పాలిపోవడానికి కారణం అదే. పైగా జొన్న వేళ్ళు విడిచే ఒక రసం పక్క మొక్కలను ఎదగనివ్వదు. జొన్న తర్వాత చేను అలిసిపోతుందని మా అవ్వ అనేది. ఆమె ఏ కాలేజీకీ వెళ్ళలేదు.

అలాగని జొన్న, సజ్జ పనికిరానివి కావు. పప్పుజాతి ఆకు వారాలలో కుళ్ళిపోతుంది. అప్పుడు నేల మళ్ళీ బయటపడుతుంది. ఎండ నుంచి నేలను ఎక్కువ నాళ్ళు కాచేది దంటే. కాబట్టి రెండూ కావాలి. పాళ్ళు మాత్రం వెనక వచ్చే పైరును బట్టి ఉండాలి. శెనక్కాయ తానే పప్పుజాతి, తన నత్రజని తానే సంపాదించుకుంటుంది. దానికి కావలసింది మెత్తని నేల, ఊడ దిగేటప్పటి తడి. అందువల్ల దాని ముందు కొంచెం సజ్జ ఉన్నా నష్టం లేదు. మరో లాభం కూడా ఉంది. పప్పుజాతి వెనక పప్పుజాతే వేస్తే మొదలు కుళ్ళు వంటి తెగుళ్ళు ఒకదాన్నుంచి ఒకదానికి దిగుతాయి. రాగికి మాత్రం నత్రజని కావాలి. దాని ముందు ఉలవ, అలసంద, పెసర ఎక్కువగా ఉండాలి. అంటే ముందు పంటను వేసేవాడు వెనక పంటను మనసులో పెట్టుకుని వేయాలి.

2022 సంక్రాంతికి మావాడు బెంగళూరులో మా ఇంటికి వచ్చాడు. చేతిలో చిక్కుడుకాయల సంచి. కాఫీ తాగి అడిగాడు.

“చిన్నాయనా, నాయన ఇంక చేను ఇయ్యడు. నీ మూడెకరాలు నాకియ్యి. అయితే ఏడాదికి కాదు, అయిదేళ్ళకు.”

“అయిదేళ్ళెందుకురా? ఏడాది చూద్దాం, బాగుంటే మళ్ళీ చూద్దాం” అన్నాను. అప్పుల దరఖాస్తులు చూసి చూసి నా నోటికి అలవాటైన మాట అది.

“ఏడాదికైతే నేనూ దున్నుకుంటా. ఈ పని ఫలం వెనకేటికి గదా వచ్చేది. వెనకేడు చేను నాదో కాదో తెలీకుండా ఎట్ల చేసేది?”

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నా మూడెకరాలను పాతికేళ్ళుగా మా ఊరి పెద్దాయన ఒకాయన చేస్తున్నాడు. ఏ ఏటికాయేడు ఉగాదికి మాట, సంక్రాంతికి గుత్త. కర్ణాటకలో 1974 నాటి భూసంస్కరణల సవరణ తర్వాత, పొలం ఒకరి చేతిలో నిలిస్తే వాళ్ళదైపోతుందన్న భయం మా ఇళ్ళల్లో నాటుకుపోయింది. అందుకే నాయన కాలం నుంచీ ‘ఏడాదికి మించి మాట ఇవ్వొద్దు’ అన్నది మా ఇంటి శాసనం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలుదారుకు కార్డు ఇచ్చినా, దాని గడువు పదకొండు నెలలే. పన్నెండో నెలలో వచ్చే ఫలం కోసం పదకొండు నెలల మనిషి ఎందుకు విత్తుతాడు?

మరుసటి నెల ఊరికి వెళ్ళి ఆ పెద్దాయననే అడిగాను. “పెద్దాయనా, మా నాయన కాలంలో శెనక్కాయ తీసినాక ఉలవలు చల్లేవాళ్ళం కదా. మంద పెట్టించేవాళ్ళం. నువ్వెందుకు మానేసినావు?”

ఆయన నా వంక చూసి నెమ్మదిగా అన్నాడు. “మీరు నాకు ఏడాదికే ఇస్తిరి సామీ. నేను ఏడాదికే సేద్యం చేస్తిని.”

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతోమంది నా మీద ఫిర్యాదులు రాశారు. ఏదీ ఈ మాటంత సూటిగా తగల్లేదు. నేను పనిచేసిన శాఖలలో పంట రుణాల దరఖాస్తులు వందల కొద్దీ చూశాను. ట్రాక్టరు దుక్కికి ఇంత, ఎరువుకు ఇంత అని లెక్క కట్టి సంతకం పెట్టాను. పంట తీశాక నేల ఏ స్థితిలో ఉంటుందని ఒక్కరినీ అడగలేదు. అడగడానికి కాగితంలో గడి లేదు. ఏటేటా అసలు తీసి ఖర్చుపెడుతూ, దాన్నే ఆదాయమనుకున్న ఖాతాదారులలో నేనూ ఒకణ్ణని అప్పుడు తెలిసింది.

మూడెకరాలూ మావాడికి అయిదేళ్ళకు అప్పగించాను. పెద్దాయనను పక్కకు నెట్టడం న్యాయం కాదనిపించి, పంటలో పాలికి ఇద్దరినీ కలిపాను. నిజానికి ఆ చేను ఎక్కడ జారుతుందో, ఎక్కడ పెచ్చు కడుతుందో ఆయనకు తెలిసినట్టు మావాడికి తెలియదు.

2022లో వానలు దండిగా పడ్డాయి. ఎవరు ఏం వేసినా పండింది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. అసలు పరీక్ష 2023లో వచ్చింది. దేశంలో 1901 నుంచి లెక్కలు చూస్తే అంత పొడి ఆగస్టు లేదన్నారు. కర్ణాటకలో కరువు ప్రకటించారు. సరిగ్గా శెనక్కాయ ఊడలు దిగే వేళ అది.

ఆ ఏడు నవధాన్యాలు వాన చూసుకుని విత్తారు. ఎన్ను దాకా ఆగకుండా, అలసంద పూతకు రాగానే, కొడవళ్ళతో కోసి అక్కడే పరిచారు. గొర్రుతో సన్నగా చాలు తీసి, ఆ చాలులోనే విత్తనం వేశారు. మిగతా నేలను కదిలించలేదు. ఆగస్టు చివర్లో నేను వెళ్ళి చూశాను. పక్క చేలల్లో మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటోంది. మా చేలో కూడా వాడింది, కానీ సాయంత్రానికి తేరుకుంటోంది. ఎండిన ఆకుల పరుపును చేత్తో తప్పిస్తే కింద మట్టి చల్లగా తగిలింది. పంట? పక్కవారికి ఎకరాకు రెండు మూటలు, మాకు నాలుగు. నాలుగు మూటలతో ఎవరూ మేడలు కట్టరు. అయితే వెనకేటికి విత్తనం కొనుక్కోనక్కరలేకపోయింది. ట్రాక్టరు ఖర్చు తప్పింది. రాగి మాత్రం నల్లగా, నిండుగా వచ్చింది. ఉలవ చేసిన పుణ్యం.

ఇది మా ఒక్క చేను లెక్క, దీన్ని లోకానికంతటికీ చుట్టకూడదు. 2015లో ‘నేచర్’ పత్రికలో 63 దేశాల నుంచి 610 పరిశోధనలను కూడి ఒక లెక్క తేల్చారు. ఉత్తినే దుక్కి మానేస్తే సగటున పంట తగ్గుతుందట. గడ్డీగాదం నేల మీద ఉంచి, పంట మార్పిడి చేస్తే ఆ నష్టం చాలావరకు పూడుతుందట. వాన మీద ఆధారపడిన పొడి ప్రాంతాలలో పంట పెరుగుతుందట కూడా. అంటే దుక్కి మానడం గొప్ప కాదు, నేలను కప్పడం గొప్ప. హైదరాబాదు దగ్గర హయత్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థవారు ఎర్రనేలలో పదేళ్ళపాటు, పంట తీశాక పడే వానలకు ఉలవ వేసి నేలలో కలిపి చూశారు. తర్వాతి జొన్న, పొద్దుతిరుగుడు పంటలు మెరుగయ్యాయి. వాళ్ళు దున్ని కలిపారు, మావాడు దున్నకుండా పరుస్తున్నాడు. ఉలవ రెండు చోట్లా ఒకటే.

చిక్కులు కూడా దాచకూడదు. వేసవి దుక్కి వట్టి ఛాదస్తం కాదు. ఎర్ర గొంగళి పురుగు కోశాలు నేలలో దాక్కుంటాయి. దున్నితే బయటపడి పక్షుల పాలవుతాయి. దున్నని చేలో ఆ పురుగు మీద ఒక కన్ను వేసి ఉంచాలి. తుంగ, గరిక తీయడానికి కూలీలు కావాలి. శెనక్కాయను పీకడమే సగం దున్నడం, కాబట్టి మాది పూర్తిగా దున్నని సేద్యమని చెప్పుకోను.

అన్నిటికంటే పెద్ద చిక్కు గొర్రెలు. మే నెలలో ఊరంతా బీడుగా ఉన్నప్పుడు మా మూడెకరాలే పచ్చగా కనిపిస్తే మందలు ఊరుకుంటాయా? మొదట తగవులయ్యాయి. పెద్దాయనే దారి చూపాడు. కంచె వేయకుండా కాపరులతో మాట్లాడాడు. కోత అయ్యేదాకా చేలో అడుగుపెట్టకూడదు, కోశాక పావు వంతు మేత వాళ్ళది, అందుకు బదులు శెనక్కాయ తీశాక మూడు రాత్రులు మంద మా చేలో పడుకోవాలి. పాత కాలపు ఒప్పందమే మళ్ళీ బతికింది.

మా దారిలోనే తిరుమణి పక్కన సోలార్ పార్కు ఉంది, 2,050 మెగావాట్లది. సుమారు 13,000 ఎకరాలు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెరిగే కౌలుకు రైతులు భూములిచ్చారు. నేను వాళ్ళను తప్పుపట్టను. మా శెనక్కాయ ఏ ఏడూ అంత నికరంగా ఇవ్వలేదు. కానీ ఒకటి గమనించాను. ఆ కంపెనీలు అంత పెట్టుబడి పెట్టాయంటే, నేల తమ చేతిలో చాలా ఏళ్ళు ఉంటుందన్న భరోసాతోనే. గాజుపలకకు ఇచ్చిన ఆ భరోసాను మనం మన రైతుకు ఎందుకు ఇవ్వలేకపోయాం?

ఇదే ఆఖరున చెబుతానన్న మాట. మనలో చాలామందికి ఊళ్ళో కొంత నేల ఉంది. ఏటా గుత్త డబ్బు వస్తే చాలనుకుంటాం. వచ్చే ఏడు ఎవరికిస్తామో చెప్పం. నేలను కప్పే పైరు ఫలం వేసిన ఏడు కనిపించదు, వెనక పైరులో కనిపిస్తుంది. ఒక్కోసారి మొదటి ఏడు నష్టం కూడా వస్తుంది. కాబట్టి మీ ప్రాంతపు చట్టం ఏం ఒప్పుకుంటుందో వకీలును కనుక్కుని, సేద్యం చేసేవారికి మూడేళ్ళకో, అయిదేళ్ళకో మాట ఇవ్వండి. మొదటి ఏడు గుత్త కొంత తగ్గించండి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు గుత్త లెక్కతో పాటు, పంట తీశాక చేలో ఏముందని కూడా అడగండి.

మా అన్న ఇప్పటికీ ఒప్పుకున్నట్టు నోటితో అనలేదు. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు పొద్దున్నే కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. నా చేలో నిలబడి, చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో మట్టిని నొక్కి చూస్తున్నాడు. నన్ను చూసి చెప్పులు తొడుక్కున్నాడు.

“ఉలవ విత్తనాలు ఇంట్లో రెండు శేర్లు మిగిలిండాయి. వాడికి చెప్పు” అన్నాడు.